నేల పట్టువిడుపులు: కలుషిత భూముల శుద్ధి ఎక్కడ తప్పుతోంది

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. వారం తిరిగేసరికి ఆ ధూళిని మోసుకొచ్చిన మబ్బులు ఇంగ్లండ్ వాయవ్య మూలనున్న కంబ్రియా కొండల మీద కురిశాయి. వానతో దిగిన రేడియోధార్మిక సీజియం-137 గడ్డికీ, గడ్డి నుంచి గొర్రెలకూ చేరింది. జూన్ 20న ప్రభుత్వం ఆ గొర్రెల అమ్మకం మీద ఆంక్షలు విధించి, మూడు వారాల్లో ఎత్తేస్తామంది. చివరి ఆంక్ష తొలగింది 2012 జూన్‌లో, అంటే 26 ఏళ్లకు.

అంచనా వేసిన శాస్త్రవేత్తలు చేతకానివాళ్లేం కాదు. పల్లపు ప్రాంతాల బంకనేలల్లో సీజియం ఎలా ప్రవర్తిస్తుందో వారికి బాగా తెలుసు. ఆ నేలల్లో ఇల్లైట్ అనే ఖనిజం ఉంటుంది. కాలక్రమంలో దాని పొరల అంచులు చిట్లి కొద్దిగా విచ్చుకుంటాయి. సీజియం అయాన్ తన చుట్టూ ఉన్న నీటి అణువులను విదిలించుకుని ఆ సందుల్లో ఇమిడిపోతుంది. అలా దూరిన సీజియం గడ్డి వేరుకు దాదాపు అందదు. కంబ్రియా కొండల మీద ఉన్నది అలాంటి నేల కాదు. అది సగం కుళ్లిన నాచు, గడ్డి వందల ఏళ్లుగా పేరుకున్న పీట్ నేల. అందులో ఇల్లైట్ తక్కువ, ఆమ్లత ఎక్కువ, సీజియంతో పోటీపడే అమ్మోనియం ఎక్కువ. అందుకే సీజియం ఏటా గడ్డిలోకి ఎక్కుతూ, పెంటికలతో తిరిగి నేలకు చేరుతూ ఉండిపోయింది. ఆ కొండల గురించి గొర్రెల కాపరులకున్న ఎరుకను నిపుణులు పట్టించుకోలేదని సామాజిక శాస్త్రవేత్త బ్రయాన్ విన్ తర్వాత వివరంగా రాశారు.

కలుషిత భూముల చర్చకు ఆయువుపట్టు ఇదే. నేలలో విషం ఎంత ఉందన్న లెక్క ఒక్కటే సరిపోదు. అది దేనికి అంటుకుని ఉంది, ఎంత గట్టిగా ఉంది, ఏ మార్పు వస్తే వదులుతుంది అన్నవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు తెలియకుండా మొదలుపెట్టిన శుద్ధి డబ్బు తింటుంది, ఏళ్లు తింటుంది, ఒక్కోసారి ఉన్న విషాన్ని కదిపి మరింత కీడు చేస్తుంది.

పట్టుకునే తీరులు

నేల రసాయనాలను పట్టుకుంటుందన్న సంగతి శాస్త్రానికి ఎక్కింది ఎరువుల దారిన. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండ్‌లో థాంప్సన్ అనే రైతు అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాన్ని మట్టి గుండా పోస్తే కిందికి కాల్షియం సల్ఫేట్ దిగింది. ఆ సంగతి మీద జె. టి. వే వరుసగా ప్రయోగాలు చేసి 1850లో ప్రచురించారు. మట్టి అమ్మోనియాన్ని ఉంచుకుని, దానికి సరితూగేంత కాల్షియాన్ని వదిలిందన్నమాట. ఇదే అయాన్ వినిమయం. మన రైతులు చౌడు భూమిలో జిప్సం చల్లేది కూడా ఈ సూత్రం మీదే. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువుల మీది సోడియాన్ని తోసేస్తుంది, వాన నీరు దాన్ని కడిగేస్తుంది.

బంకరేణువుల మీద రుణావేశం ఉంటుంది. సీసం, కాడ్మియం, జింకు వంటి ధనావేశ లోహాలు దానికి అతుక్కుంటాయి. ఈ శక్తి అన్ని నేలలకూ ఒకటి కాదు. నల్లరేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజానికి వినిమయ సామర్థ్యం కిలోకు 80 నుంచి 120 సెంటీమోల్స్. ఎర్రనేలల్లో కనిపించే కయోలినైట్‌కు 3 నుంచి 15 మాత్రమే. ఒకే కాలుష్యం రేగడిలో పడితే ఒక తీరు, చెల్కలో పడితే మరో తీరు. అలాగని రేగడి ఉన్నచోట నిశ్చింతగా ఉండటానికి లేదు. వేసవిలో అది లోతుగా బీటలు వారుతుంది. తొలకరి నీరు మట్టిని తాకీతాకకుండా ఆ బీటల గుండా కిందికి జారిపోతుంది. పట్టుకోగల నేలకు పట్టుకునే వ్యవధే దొరకదు.

రెండో పట్టు ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లది. మన నేలలకు ఎరుపు రంగునిచ్చేవి ఇనుప ఆక్సైడ్లే. వీటితో ఆర్సెనిక్, ఫాస్ఫేట్ వంటివి నేరుగా రసాయన బంధం వేసుకుంటాయి. ఇది అయాన్ వినిమయం కన్నా చాలా బలమైన ముడి. వేసిన భాస్వరంలో చాలా భాగం పైరుకు అందకుండా నేలలో బిగిసిపోతుందని రైతు బాధపడేది ఈ ముడి గురించే. ఎరువు విషయంలో నష్టమైన గుణం విషం విషయంలో రక్షణ అవుతుంది.

మూడోది సేంద్రియ పదార్థం. డీడీటీ, తారులో ఉండే హైడ్రోకార్బన్ల వంటి వాటికి నీరంటే గిట్టదు. 1979లో చియూ, ఆయన సహచరులు ఇవి మట్టి రేణువు పైపైన అంటుకోవడం కాదు, హ్యూమస్‌లోకి కరిగి చేరుతున్నాయని చూపించారు. నూనెలో ఎక్కువగా కరిగే రసాయనం హ్యూమస్‌లోనూ ఎక్కువగా నిలుస్తుందన్న నియమం అప్పటి నుంచి లెక్కలన్నిటికీ ఆధారమైంది. ఇవి కాక, కరగని లవణంగా మారి అవక్షేపించడం నాలుగో తీరు. సీసం ఫాస్ఫేట్‌తో కలిసి పైరోమార్ఫైట్‌గా మారితే దాదాపు రాయే.

వదిలేసే వేళలు

ఈ పట్లలో ఏదీ శాశ్వతం కాదు. ప్రతి పట్టుకూ ఒక షరతు ఉంది.

మొదటిది ఆమ్ల క్షారాల షరతు. నేల ఆమ్లంగా మారితే కాడ్మియం, జింకు, సీసం వదులవుతాయి. క్షారంగా మారితే ఆర్సెనేట్, ఫ్లోరైడ్, క్రోమేట్ వంటి రుణావేశ పదార్థాలు వదులవుతాయి. కాబట్టి ఒకదాన్ని కట్టేసే సున్నం మరొకదాన్ని విడిపించవచ్చు. తెలుగు నేల మీద దీనికి సాక్ష్యం ఫ్లోరైడే. దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి వైద్య నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్లగొండ గోస అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ ఉన్నది అక్కడి రాతిలో. సోడియం, బైకార్బనేట్ ఎక్కువైన క్షార జలాల్లో కాల్షియం సున్నపు గడ్డలుగా విడిపోతుంది. ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచాల్సిన కాల్షియం లేకపోయేసరికి అది నీళ్లలోనే మిగిలిపోతుంది.

రెండోది ప్రాణవాయువు షరతు. దీని మూల్యం బెంగాల్ చెల్లించింది. 1983లో కోల్‌కతా చర్మవైద్యుడు కె. సి. సాహా బోరునీళ్లు తాగిన పల్లె రోగుల్లో ఆర్సెనిక్ విషప్రభావాన్ని గుర్తించారు. 2001లో వెలువడిన బంగ్లాదేశ్ సర్వేలో లోతు తక్కువ బోర్లలో నాలుగో వంతుకు పైగా లీటరుకు 50 మైక్రోగ్రాముల పరిమితి దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు 10. ఇంతకీ ఆ ఒండ్రుమట్టిలో ఆర్సెనిక్ అసాధారణంగా ఉందా? లేదు. చాలాచోట్ల కిలోకు పది మిల్లీగ్రాములకు లోపే, ఏ దేశపు మట్టిలోనైనా కనిపించేంతే. భూమి లోపల ప్రాణవాయువు అందని పొరల్లో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తింటూ, శ్వాసకు ఇనుప ఆక్సైడ్లను వాడుకుంటాయి. ఆక్సైడ్లు కరిగిపోతాయి, వాటిని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ నీటిపాలవుతుంది. మట్టి పరీక్షలో మొత్తం ఆర్సెనిక్ ఒక్కటే చూసేవారు ఈ నేలకు మంచి మార్కులే వేసేవారు. ‘ఎంత ఉంది’ అన్న ప్రశ్న ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

మూడోది పోటీ. ఒకే చోటు కోసం రెండు పదార్థాలు ఎగబడితే, బలమైనదో ఎక్కువున్నదో రెండోదాన్ని నెట్టేస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు యాపిల్ తోటల్లో ఒకప్పుడు పురుగుమందుగా లెడ్ ఆర్సెనేట్ చల్లారు. ఆ నేలల్లో ఫాస్ఫేట్ వేస్తే ఆర్సెనిక్ విడుదలవుతుందని 1990లలో ఫ్రాంక్ పెరియా నిరూపించారు. ఫాస్ఫేట్ సీసానికి మంచి కట్టు, కానీ పక్కనే ఉన్న ఆర్సెనిక్‌ను అదే తరిమేస్తుంది. ఒకే బస్తా మందు ఒక విషానికి సంకెల, ఇంకో విషానికి తాళంచెవి.

ఈ షరతులన్నీ ఒక్కచోట కలిసేది వరి మడిలో. మడిలో నీరు నిలిస్తే మట్టిలో ప్రాణవాయువు హరించుకుపోతుంది. అప్పుడు సల్ఫేట్ సల్ఫైడ్‌గా మారి కాడ్మియాన్ని కరగకుండా కట్టేస్తుంది. అదే సమయంలో ఇనుప ఆక్సైడ్లు కరిగి ఆర్సెనిక్ బయటపడుతుంది. కోతకు ముందు మడి ఆరగట్టగానే కథ తిరగబడుతుంది: ఆర్సెనిక్ మళ్లీ ఇనుముకు అంటుకుంటుంది, సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది కాడ్మియం విడుదలవుతుంది, గింజ పాలు పోసుకుని గట్టిపడే వేళ వేళ్లకు అందుతుంది. నీరు ఆదా చేయడానికి మడికి కొన్నాళ్లు నీరు పెడుతూ, కొన్నాళ్లు ఆరబెడుతూ సాగు చేస్తే బియ్యంలో ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం పెరగవచ్చు. ఈ రెండూ కలిసి ఉన్న నేలలో ‘నీళ్లు పెట్టండి’ అన్న సలహా గానీ ‘ఆరబెట్టండి’ అన్న సలహా గానీ ఒంటిగా చెల్లదు. జపాన్‌లోని జింజూ నది పరీవాహకంలో గని కాడ్మియం వరి ద్వారా మనుషుల ఎముకలు విరిచేసింది. ఆ ఇతాయ్-ఇతాయ్ జబ్బుకు కాడ్మియమే మూలమని ప్రభుత్వం 1968లో అంగీకరించింది. దాదాపు 860 హెక్టార్ల మడుల మట్టిని మార్చి బాగుచేసే పని 2012లో గానీ ముగియలేదు.

కాలం బిగించే ముడి

పసుపు మరక పడగానే ఉతికితే పోతుంది, నాలుగు రోజులు ఆగితే బట్టలో ఇంకిపోతుంది. మట్టిలో పడిన సేంద్రియ రసాయనాల తీరూ ఇలాంటిదే. దీన్ని కళ్లకు కట్టించిన పరిశోధన 1987లో వెలువడింది.

అమెరికాలోని కనెక్టికట్ పొగాకు పొలాల్లో నులిపురుగుల మందుగా ఇథిలీన్ డైబ్రోమైడ్ వాడేవారు. అది తేలిగ్గా ఆవిరవుతుంది, నీటిలో కరుగుతుంది, సూక్ష్మజీవులకూ ఆహారమవుతుంది. లెక్క ప్రకారం నెలల్లో మాయమవ్వాలి. స్టైన్‌బర్గ్, పిగ్నాటెల్లో, సానీ తవ్వి చూస్తే చివరిసారి వాడిన 19 ఏళ్లకు కూడా మట్టిలో కనిపించింది. వాళ్లు అదే మట్టిలో గుర్తుపట్టగలిగేలా రేడియోధార్మిక కార్బన్‌తో చేసిన కొత్త డైబ్రోమైడ్ కలిపారు. సూక్ష్మజీవులు కొత్తదాన్ని తినేశాయి, పాతదాని జోలికి పోలేదు. రెండూ ఒకే అణువు, ఒకే మట్టి. తేడా పాతది ఉన్న చోటులో ఉంది. అది రేణువు లోపలి అతి సూక్ష్మ రంధ్రాల్లోకి వ్యాపించి చిక్కుకుంది. మట్టిని మెత్తగా నూరితే విడుదల పెరిగింది.

ఇలా కాలంతోపాటు కలుషితం చిక్కుపడటాన్ని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ అలెగ్జాండర్ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. పాతబడిన కలుషితం జీవులకు తక్కువ అందుతుంది కాబట్టి, ఘాటైన ద్రావకాలతో మట్టినంతా పిండి తీసిన అంకె అసలు ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపుతుందని 2000లో వాదించారు. ఈ వాదన శుద్ధి రంగాన్ని రెండుగా చీల్చింది.

శుద్ధి పద్ధతులకు పరీక్ష

ఇంత తెలిశాక శుద్ధి పద్ధతులను చూస్తే, వాటి జయాపజయాలకు కారణం తేటపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వాడింది, ఎక్కువగా నిరాశపరచింది భూగర్భ జలాన్ని తోడి శుద్ధి చేసే పద్ధతి. ఒక చిన్న లెక్క చూద్దాం. కిలో మట్టి పట్టుకున్న కలుషితం, లీటరు నీటిలో మిగిలినదానికి పది రెట్లు ఉందనుకుందాం. మామూలు ఇసుక పొరలో ఆ కలుషితం నీటి కన్నా సుమారు 41 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అంటే మట్టి సందుల్లోని నీరంతా కనీసం నలభైసార్లు మారాలి. అదీ మట్టి అడిగిన వెంటనే వదులుతుందనుకుంటేనే. డైబ్రోమైడ్ కథ చూశాక ఆ నమ్మకం నిలవదు. పంపు నడిచినన్నాళ్లూ నీటిలో విషం తగ్గినట్టే కనిపిస్తుంది. పంపు ఆపగానే రేణువుల లోపలి నుంచీ, బంక పొరల నుంచీ నెమ్మదిగా ఊరి మళ్లీ పెరుగుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ఇలాంటి 77 స్థలాలను సమీక్షిస్తే, 69 చోట్ల లక్ష్యం అందలేదని తేలింది. ఏ పరీక్షకూ నిలవని నమ్మకంతో కోట్లు పోయడం ఎలా ఉంటుందో ఆ నివేదిక చెప్పింది.

తవ్వి తీసేయడం రెండో మార్గం. ఫుకుషిమాలో ఇది పనిచేసింది, కారణం కూడా నేల పట్టే. 2011లో పడిన సీజియంను బంక ఖనిజాలు గట్టిగా పట్టేయడంతో చాలాభాగం పై ఐదు సెంటీమీటర్లలోనే నిలిచింది. ఆ పొర చెక్కి తీస్తే సరిపోయింది. కానీ అలా తీసిన మట్టి కోటి ఘనపు మీటర్లు దాటింది. దాన్ని 2045లోపు ఫుకుషిమా బయట తుది నిల్వకు చేర్చాలని చట్టం చెబుతోంది, ఎక్కడికో ఇంకా తేలలేదు. తవ్వకం సమస్యను తీర్చలేదు, తరలించింది. భోపాల్‌లో కూడా ఇంతే. 2025 జనవరిలో, విషవాయువు లీకైన పాత కర్మాగారం నుంచి 337 టన్నుల వ్యర్థాన్ని పీథంపూర్‌కు తీసుకెళ్లి, తర్వాతి నెలల్లో కాల్చారు. అది గోదాములో ఉన్న సరుకు. నేలలోకీ భూగర్భ జలంలోకీ దిగినది అక్కడే ఉంది.

మూడోది, ఉన్నచోటే కట్టేయడం. సీసానికి ఫాస్ఫేట్, ఆమ్ల నేలలోని లోహాలకు సున్నం, క్రోమియానికి ఇనుము. ఇది చవక, భూమి పాడవదు. అయితే కట్టేసిన ముడికి షరతులు అలాగే ఉంటాయి. తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన క్రోమేట్ కర్మాగారం వదిలేసిన వ్యర్థం రెండు లక్షల టన్నులకు పైనే. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం విషం, నీటితో పరుగెత్తుతుంది. ఇనుప లవణంతో దాన్ని మూడు వేలెన్సీకి దించితే కదలదు, హానీ తక్కువ. కానీ నేలలోని మాంగనీస్ ఆక్సైడ్లు మూడును తిరిగి ఆరుగా మార్చగలవని బార్ట్‌లెట్, జేమ్స్ 1979లోనే చూపారు. మాంగనీస్ చూడకుండా క్రోమియానికి మందు వేయడం సగం వైద్యమే.

ఎంత శుద్ధి చేస్తే చాలు?

ఈ రంగంలో అసలు తగవు ఇక్కడుంది. అలెగ్జాండర్ బాటలో నడిచేవారు అందుబాటులో ఉన్నంత విషాన్నే లెక్కించాలంటారు. వాళ్ల మాటలో నిజముంది. మట్టి నోట్లో పెట్టుకునే పసిబిడ్డకు గెలీనా ఖనిజం రూపంలోని సీసం కన్నా రంగుల్లోంచి రాలిన సీసం, కార్బనేట్ సీసం ఎక్కువ ఒంటబడతాయి. అమెరికా పర్యావరణ సంస్థ కడుపులోని ఆమ్లాన్ని పోలిన ద్రావణంలో మట్టిని కలిపి, ఎంత సీసం కరుగుతుందో కొలిచే పరీక్షను ఆమోదించింది. ఇది ఊహ కాదు, కొలత.

రెండో పక్షం అడిగేది: ఈ రోజు అందని విషం రేపు అందదని ఎవరి పూచీ? ఇదీ న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్ దగ్గరి ఔషధ పరిశ్రమల ప్రాంతం పటాన్‌చెరు ఈ ప్రశ్నకు ఇంకో కోణం చేరుస్తుంది. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు ప్రకటించింది. ఈ మందు బంకమట్టికీ, ఇనుముకూ గట్టిగా అతుక్కుంటుంది. కాబట్టి నీరు తేటబడినంత మాత్రాన వాగు తేటబడినట్టు కాదు, అది అడుగు బురదలో మిగులుతుంది. 2011లో వెలువడిన అధ్యయనం ఆ ప్రాంతపు బురదలో బ్యాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే జన్యువులు భారీగా ఉన్నట్టు కనిపెట్టింది. బురదే సూక్ష్మజీవుల ఊరు. మనిషికి అందనంత మాత్రాన బ్యాక్టీరియాకు అందదనుకోవడం పొరపాటు. అందుబాటు అన్నప్పుడల్లా ఎవరికి అని అడగాలి.

నా దృష్టిలో ఈ తగవులో మొదటి పక్షం శాస్త్రం సరైనది, రెండో పక్షం భయం సరైనది. రెంటికీ చోటిచ్చే దారి ఒకటే: అందుబాటును కొలవాలి, ఆ కొలతకు ఆధారమైన పరిస్థితులను కూడా రాసిపెట్టి కాపలా కాయాలి. ఏ కొలతా లేకుండా ‘బిగిసిపోయిందిలే’ అని వదిలేయడం శాస్త్రం పేరుతో చేసే ఎగవేత. అందుబాటు చూడకుండా ప్రతి గ్రామునూ తవ్వాలనడం, ఉన్న కొద్ది డబ్బును తక్కువ ప్రమాదమున్న చోట పారేసి, ఎక్కువ ప్రమాదమున్న ఊరిని గాలికొదిలేయడం.

ఇప్పుడు మన ముందున్నది

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలాలను గుర్తించడానికి, పరిశీలించడానికి, కలుషితం చేసినవారి నుంచే ఖర్చు రాబట్టడానికి ఇప్పుడు ఒక దారి ఏర్పడింది. ఇది ఆహ్వానించాల్సిన మార్పు. అయితే ఈ పరిశీలన కిలోకు ఎన్ని మిల్లీగ్రాములన్న ఒక్క అంకె దగ్గర ఆగిపోతే, బెంగాల్ మట్టికి మంచి మార్కులు వేసిన తప్పే మళ్లీ చేస్తాం.

ప్రతి స్థలంలో మొత్తం మోతాదుతోపాటు నీటికి, ఆమ్లానికి, కడుపు ద్రవానికి ఎంత వదులుతుందో కొలిపించాలి. ఆ మట్టి బంక స్వభావం, పీహెచ్, సేంద్రియ పదార్థం, ఇనుము, మాంగనీస్ నివేదికలో తప్పనిసరిగా ఉండాలి. వీటిలో చాలావాటికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు, మన వ్యవసాయ ప్రయోగశాలలు వీటిలో కొన్నిటిని ఇప్పటికే రైతుల కోసం చేస్తున్నాయి. వానాకాలం, ఎండాకాలం వేర్వేరుగా నమూనాలు తీయాలి, ఎందుకంటే మన నేల వానల్లో నీటమునిగి, ఎండల్లో నెర్రెలిచ్చే నేల. శుద్ధి ముగిసిందన్నాక కూడా పదేళ్లపాటు బావుల నీళ్లు పరీక్షించే బాధ్యత ఎవరిదో ఉత్తర్వులోనే రాయాలి. పంపు ఆపాక ఏమవుతుందో చూడని శుద్ధిని శుద్ధి అనలేం. ఆ భూమిలో రేపు ఇళ్లు కడతారా, వరి వేస్తారా, చెట్లు పెంచుతారా అన్నది ముందే తేల్చాలి. సున్నంతో కట్టేసిన కాడ్మియం మీద ఆమ్ల స్వభావం పెంచే ఎరువులు ఏళ్ల తరబడి పడితే కట్టు తెగుతుంది.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లను అడగడం కూడా మర్యాద కోసం చేసే పని కాకూడదు. ఏ బావి నీళ్ల రంగు ఎప్పుడు మారింది, ఏ పల్లంలో వరద ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎక్కడ చౌడు తేలింది అన్నవి నేల రసాయనాన్ని నిర్ణయించే వివరాలే. వాటిని వాళ్లకన్నా బాగా ఎరిగినవాళ్లు లేరు. నేల పట్టుకున్న విషం ఏ షరతు మీద నిలిచిందో శాస్త్రం చెప్పగలదు. ఆ షరతు తమ కళ్లముందు మారుతోందని మొదట చెప్పగలిగేది ఆ నేల మీద బతికేవాళ్లే. ఈ రెండు జ్ఞానాలనూ ఒక నివేదికలో చేర్చే అవకాశం ఇప్పుడు కొత్త నియమాలతో వచ్చింది. దాన్ని వాడుకోమని ప్రతి జిల్లాలో అడగాల్సింది మనమే.